మా మరిది కొత్త రికార్డు, మా ఆయన పాత చెవులు

“రికార్డు మీద తప్పేమీ లేదన్నా. నీ చెవులు పోయిండాయి, అంతే.”

“నా చెవులకేమిరా, గుండ్రాయి మాదిరి ఉండాయి. నీ కొత్త రికార్డులోనే సరుకు లేదు.”

“సరుకు లేదా? మాస్టర్ టేపు నుంచి తిరగా తీసి అచ్చేసిండారు. బరువు చూడు. నీ దాన్ని పట్టుకుంటే అప్పడం మాదిరి ఊగతాది.”

“ఊగితే ఊగనీ. వాయించినోళ్లు బతికుండంగా అచ్చేసింది అది. నీది వాళ్లంతా పోయినంక వేసింది.”

“వాళ్లు పోతే పాట మారతాదా అన్నా? సుమ్మా ఊరికే మాట్లాడవద్దు.”

కోయంబత్తూరు సింగానల్లూరులో మా ఇంటి ముందరి గదిలో, ఒక ఆదివారం అన్నాలు తిన్న తరువాత జరిగిన గొడవ ఇది. పోయిండాయి అని గట్టిగా అన్నది మా చిన్న మరిది. తుడియలూరులో పంపుసెట్ల వర్కుషాపు ఆయనది. గుండ్రాయి అన్నది మా ఇంటాయన. ఇద్దరికీ డెబ్బై దాటింది. నేను వంటింటి గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ, ఈ గొడవ కాఫీ వేళకు ముగుస్తుందా, లేక ఇద్దరికీ రెండోసారి కాఫీ పెట్టవలసి వస్తుందా అని ఆలోచిస్తూ ఉన్నాను.

మా కాలంలో ఇంట్లో పాట అంటే పెద్ద సంగతి. ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ఫోను వాగుతూనే ఉంటుంది, ఎవరూ వినరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన మిల్లులో మెయింటెనెన్సు పని చూసేవారు. కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక దొర, పని అయిపోయి తన ఊరికి పోతూ, మా ఆయనకు ఒక రికార్డు ఇచ్చి పోయాడు. దాని మీద బాకా పట్టుకుని చెమటలు కారుస్తున్న ఒక నల్లాయన బొమ్మ. అది జాజ్ అని, అమెరికాలో మొదటిసారి అచ్చు వేసినదని, అటువంటిది కోయంబత్తూరులో ఇంకొకటి ఉండదని మా ఆయన అందరికీ చెప్పేవారు. (ఉండదనే మాట నిజమే అయి ఉంటుంది. అడిగినవాళ్లు ఎవరూ లేరు.) అన్నదమ్ములు ఇద్దరూ కలిసి ఎక్కడో పాత ప్లేయరు ఒకటి సంపాదించి తెచ్చారు. మొదటిసారి అది మోగినప్పుడు మా అత్తగారు పెరట్లోనుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, “ఎవరింట్లోనే పెండ్లి?” అని అడిగింది. కొంచెంసేపు నిలబడి విని, “పెండ్లి కాదులే, పాపం,” అని తిరిగి పెరట్లోకి పోయింది.

ఆ ప్లేయరు ముల్లు అరిగిపోతే మళ్లీ దొరకడం కష్టమని తెలిసిన రోజునుంచి దాన్ని నేను నా చేతిలోకి తీసుకున్నాను. ఆదివారం అన్నం అయినాక మాత్రమే వాయించాలి. ఒక ఆదివారం ఒక పక్క, వచ్చే ఆదివారం రెండో పక్క. ఒకసారి మా మరిది, “వదినె, ఈ పక్క అయినంక ఆ పక్క వింటేనే కదా కథ తెలిసేది,” అన్నాడు. “కథ యాడికీ పోదు, వచ్చే వారానికి ఉంటాది,” అన్నాను. ముల్లు ఎత్తడం, దించడం నేనే. రికార్డుకు పాత పంచె చింపి ఒక సంచి కుట్టాను. ఇద్దరూ ఆ సంచిని చూసి నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఆ బాకా నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఒకాయన ఏదో చెప్పబోతూ చెప్పబోతూ మధ్యలో మరిచిపోయి, మళ్లీ మొదటినుంచి చెప్పినట్టు ఉంటుంది. అయినా ఇంట్లో ఉన్న వస్తువును పాడుచేయడం నా వల్ల కాదు.

ఇన్నేళ్లకు మా మరిదికి వర్కుషాపు పిల్లలకు అప్పగించి తీరిక దొరికింది. తీరిక దొరికిన మగవాళ్లు కొందరు కాశీకి పోతారు. ఈయన సొంతంగా ఒక ప్లేయరు కొని, ఫోనులో రికార్డులు చూడడం మొదలుపెట్టి, అదే బొమ్మ, అదే పాటలు, అదే వరుస ఉన్న కొత్త రికార్డును విదేశం నుంచి తెప్పించుకున్నాడు. దానిని రీఇష్యూ అంటారట. నేను చేతిలోకి తీసుకుని చూశాను. బరువుగానే ఉంది. “ఇంట్లో ఉన్నదే మళ్లీ ఎందుకప్పా కొన్నావు?” అని అడిగితే, “వదినె, ఇది అంతకంటే మేలు. ఒరిజినల్‌లో వినపడనివి ఇందులో వినపడతాయి. పక్కనోడు ఊపిరి పీల్చేది కూడా,” అన్నాడు. పక్కనోడు ఊపిరి పీల్చేది వినడానికి ఒక మనిషి పైకం పెడతాడని నేను అనుకోలేదు. ఆయుధ పూజలో పెట్టి మరీ తీసుకువచ్చాడు. మా మరిది వర్కుషాపులో లేతు మిషను అయినా సరే, లెక్కల మిషను అయినా సరే, గంధం కుంకుమ పెట్టకుండా ఏదీ మొదలు కాదు.

అదే ఇక్కడ గొడవకు మూలం. కొత్తదాని రెండో పక్క వాయించి, “ఊపిరి విన్నావా?” అని మా మరిది అడగడం, మా ఆయన “ఏమీ లేదే” అనడం. నిజానికి రికార్డు పేరు పెట్టుకుని వాళ్లు మాట్లాడుతున్నది ఇంకొక సంగతి అని నాకు తెలుసు, వాళ్లిద్దరికీ తెలుసు.

మా ఆయనకు చెవులు మందగించి చాలాకాలమయింది. ఎవరేమన్నా నవ్వి తల ఊపడం నేర్చుకున్నారు. తల ఊపడంలో ఎంత నేర్పు అంటే, పెండ్లిళ్లలో ఆయనతో మాట్లాడినవాళ్లు, “మీ ఇంటాయన ఎంత పొందికైన మనిషమ్మా,” అని నాతో మెచ్చుకునేవారు. మా కూతురు డాక్టరు దగ్గరికి తీసుకుపోయి చెవికి మిషను ఇప్పించింది. ఆయన ఒక పూట పెట్టుకుని, చెవిలో కీచురాయి కూర్చున్నట్టు ఉందని తీసి డబ్బీలో పెట్టేశారు. డబ్బీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. కొన్న వస్తువు వాడకుండా పడి ఉంటే నాకు అన్నం సహించదు. అది ఒకటి. రెండోది, పోయిన నెల ఆయన బస్టాండుకు నడిచి పోతూ ఉంటే వెనుకనుంచి టౌను బస్సు హారను కొట్టి కొట్టి, చివరికి పక్కకు కోసుకుని పోయింది. కండక్టరు తల బయటికి పెట్టి తిట్టినా ఆయనకు తెలియలేదు. కూరగాయల సంచితో ఎదురు పక్కన నిలబడి ఉన్న నాకు తెలిసింది. ఇంటికి వచ్చి చెబితే, “నేను రోడ్డు ఓరంగానే పోతా ఉంటిని,” అన్నారు.

మా మరిదికి ఈ బస్సు సంగతి నేను చెప్పి ఉన్నాను. అందుకే ఆ ఆదివారం ఆయన విడిచిపెట్టలేదు.

“సరి అన్నా. ఇద్దరమూ కళ్లు మూసుకుందాము. వదినె రెండు రికార్డులూ వాయిస్తాది. నీది ఏదో నువ్వే చెప్పు. కరెక్టుగా చెప్తే నా కొత్తది ఈడనే పెట్టి పోతా.”

“చెప్పకుంటే?”

“రేపు పొద్దున నుంచి చెవికి మిషను. తీయకూడదు.”

మా ఆయన కుర్చీ చేతిని బొటనవేలితో రుద్దారు. తరువాత, “నీ వదినె నీ పక్కం మాట్లాడతాది,” అన్నారు.

“వదినెకు పాట మీద ప్రేమా లేదు, పగా లేదు. ఆమే సరైన మనిషి.”

దీన్ని పొగడ్తగా తీసుకోవాలో ఏమో తెలియక చింతపండు పక్కన పెట్టి లేచాను. గదికి అడ్డంగా తాడు కట్టి నా పాత నూలు చీర వేశాము. ఇవతల ప్లేయరు, నేను. అవతల ఇద్దరు ముసలివాళ్లు కళ్లు మూసుకుని. రెండూ అయ్యేదాకా ఎవరూ నోరు తెరవకూడదని నియమం పెట్టాను.

కొత్త రికార్డును అట్టలోనుంచి తీసి, వెలుతురుకు పట్టి చూశాను. (ఏ వస్తువైనా వెలుతురుకు పట్టి చూడకుండా వాడను.) అంచుకు దగ్గరగా, గీతల మధ్య, పసుపుపచ్చగా ఒక మరక, దాని నడుమ ఎర్రటి చుక్క ఆనవాలు. నాకు వెంటనే అర్థమయింది. పూజనాడు రికార్డును తన ప్లేయరు మీద పెట్టి ఉంటాడు. లేతుకు, డ్రిల్లుకు, స్కూటరుకు వరుసగా బొట్లు పెడుతూ వచ్చిన వేలు, ప్లేయరుకు పెట్టి, దాని మీద ఉన్నదానికీ పెట్టి ఉంటుంది. నడుమ కాగితం మీద అక్షరాలు మూసుకుపోకూడదని నల్లటి చోటు చూసి పెట్టాడు. లేతు మీద వెంట్రుకలో వంతు తేడా కూడా పట్టే మనిషి. నేను ఏమీ అనలేదు. నియమం నేనే పెట్టాను కదా.

కొత్తదే మొదట, అంతకు ముందు వాయించని మొదటి పక్క పైకి పెట్టి ముల్లు దించాను. బాకా మొదలయింది. బాకాతో పాటు ఠక్ అని ఒక చప్పుడు. రికార్డు ఒక చుట్టు తిరిగి రాగానే మళ్లీ ఠక్. చీర సందులోనుంచి చూశాను. మా మరిది కళ్లు మూసుకుని, ఆ ఠక్‌కు సరిగ్గా వేలితో మోకాలి మీద తాళం వేస్తూ నవ్వుకుంటున్నాడు. మా ఆయన ముఖం మాత్రం హరికథ వింటున్నవాడి ముఖంలా నిశ్చలంగా ఉంది. ఆ ఠక్‌కు ఆయన కనురెప్ప కూడా కదలలేదు. 

దాన్ని తీసి అట్టలో పెట్టి, పాతదాన్ని దాని సంచిలోనుంచి బయటికి తీశాను. కొంగుతో అంచు పట్టుకుని, మెత్తగా తుడిచి, పెట్టి, ముల్లు దించాను. బాకా ఒక్కటే వినిపించింది. ఆదివారానికి ఒక పక్క చొప్పున విన్నది, ఎందుకు పాడవుతుంది.

“చెప్పండప్పా,” అని గట్టిగా అన్నాను.

మా మరిది ముందు చెప్పాడు. “మొదటిదే అన్న రికార్డు. ఠక్కు ఠక్కని గీత. రెండోది నాది, ఎంత నీట్‌గా ఉండాది చూడు.”

“రెండోది నాది,” అన్నారు మా ఆయన.

చీర తీసి రెండు రికార్డులూ తెచ్చి వాళ్ల ముందర పెట్టాను. మా మరిది తన రికార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. గోటితో మరకను గోకాడు. గోరు వాసన చూశాడు.

“గంధము,” అన్నాడు.

“పూజ ఎవరు చేసింది?” అన్నాను.

“నేనే వదినె. పూజ అయినంక తుడిస్తిని కూడా.”

“దేనితో?”

“తడిగుడ్డతో.”

“అట్లనా. అందుకే లోపలిదాకా పోయింది.”

మా ఆయన మాకేసి చూస్తూ తల ఊపారు. మా మరిది చాలాసేపు రికార్డు కేసి చూసి, అట్టలో పెట్టి, మాట తప్పకుండా దాన్ని బల్ల మీద పెట్టాడు. “ఎట్ల కనుక్కుంటివన్నా?” అని గట్టిగా అడిగాడు. “ముప్పొద్దులా వింటా ఉంటే తెలీదా?” అన్నారు మా ఆయన. మా మరిది నా ముఖం చూశాడు. వారానికి ఒక పక్క అని ఆయనకు తెలుసు. కాఫీ తాగి, “వస్తా వదినె, అన్నను చూసుకో,” అని చెప్పి బస్సుకు పోయాడు. గెలిచిన ఇంట్లోనుంచి పోతున్నట్టు లేదు, ఓడిన ఇంట్లోనుంచి పోతున్నట్టూ లేదు.

సాయంత్రం దీపం పెట్టి వచ్చాక ఆయన ఎదురుగా కూర్చుని, ముఖం చూస్తూ అడిగాను. నా పెదాలు చూస్తే ఆయనకు సగం అర్థమవుతుంది.

“ఆ ఠక్ మీకు వినపడిందా?”

అబద్ధం ఒకటి సిద్ధం చేసుకుంటున్నట్టు గోడ చూశారు. తరువాత, “లేదు,” అన్నారు.

“బాకా?”

“బాకా యాడనో దూరంగా, పక్క వీధిలో మాదిరి. డ్రమ్ము కొట్టేది తెలిసింది, కాళ్ల కింద.”

“మరి మీది ఏదని ఎట్ల చెప్పినారు?”

“మొదటిది నువ్వు దోసె పెనం మీద మూత వేసినట్టు వేస్తివి. పాట బిర్రన మొదలాయె. రెండోదానికి ఎంతసేపటికీ డ్రమ్ము తగల్లేదు. నువ్వు నిద్ర పోయినావేమో అనుకుంటిని. ఇంత నెమ్మదిగా పెడతా ఉండాది అంటే అది మనదే అనుకుంటిని.”

నేను లేచి పాత రికార్డు సంచిని ఇంకొకసారి సర్ది పెట్టాను. 

మరుసటి రోజు పొద్దున నేను ఎప్పటిలాగే లేచి, ఎప్పటిలాగే సణుగుతూ డికాషన్ దించాను. ఆయన చెవులు మందగించినప్పటినుంచి నాకు ఇది అలవాటయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు, ఉన్నాయనకు వినపడదు, మనసులో ఉన్నదంతా స్టవ్వుకు చెప్పుకునేదాన్ని. పాలు నీళ్లలా ఉన్నాయని, కొళాయి సరిగ్గా కట్టరని, తుండుగుడ్డ తడిగా మంచం మీదే పడేస్తారని, నేను ముందు పోతే ఈ మనిషికి కాఫీ ఎవరు పెడతారని. గట్టిగా, దాపరికం లేకుండా అనేదాన్ని.

“తుండుగుడ్డ నేను తీస్తాలే,” అని వెనుకనుంచి వినపడింది.

తిరిగి చూస్తే ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. చెవిలో మిషను ఉంది. బీరువా ఎప్పుడు తెరిచారో, పట్టుచీరలు ఎట్లా కలిపేశారో తెలియదు. పందెం గెలిచిన మనిషి, ఎవరూ చెప్పకుండా.

“ఎంతసేపాయె మీరు వచ్చి?” అన్నాను.

“పాలు నీళ్లని చెప్తా ఉంటివే, అప్పుడే,” అన్నారు. “కాఫీ నేను పెట్టుకోవడం నేర్చుకుంటాలే. మిగతాది చెప్పు.”

 కాఫీ కలిపి ఇచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టాక, అడగకుండానే ఇంకొక అర గ్లాసు పోశాను.