నడిసముద్రంలో మైకు పట్టుకున్నా

ఏమప్పా, లక్షద్వీపాలు ఎట్లుండాయని అడుగుతాండారు కదా! దీవులు శానా బాగుండాయి. నా పరువు మాత్రం ఆ సముద్రంలోనే కలిసిపోయింది. చెప్తా, టీ తాగుతా వినండి. నవ్వొద్దు మళ్ళా!

కొచ్చిన్‌లో క్రూయిజు ఎక్కినాం. నేను, మా ఇంటామె నస్రీన్, కాలేజీలో చదివే మా పాప సనా, మా అమ్మ. కడపలో బండల అంగడి పెట్టుకున్నోడికి ఓడ సంగతి ఏం తెలుస్తాది? అంతస్తు మీద అంతస్తు! లిఫ్టులు, షాపులు, ఆఖరికి ఈతకొలను కూడా. "చుట్టూ ఇన్ని నీళ్ళు పెట్టుకొని మళ్ళా లోపల ఈ తొట్టి ఎందుకురా?" అనింది అమ్మ.

మర్సటి రోజు పొద్దున నస్రీన్, పాప రూములో తయారవుతాండారు. నేను అమ్మను పిల్చుకొనిపోయి డెక్కు మీద కుర్చీలో కూర్చోబెట్టినా. "ఈడనే ఉండుమా, కదలొద్దు. టీ తెస్తా" అని పోయినా. పోతే ఏముండాది? బఫే! దోసెలు, పూరీలు, పేరు కూడా తెలియని కేకులు. ఒక్క దోసె తిని పోదాంలే అనుకున్నా. ఆ ఒకటి నాలుగైంది.

అరగంటకు టీ పట్టుకొని వస్తే కుర్చీ ఖాళీ! రెయిలింగు పక్కన నీలం హవాయి చెప్పు ఒకటి పడుండాది. అచ్చం అమ్మ చెప్పే! తొంగి చూస్తే కింద నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు. చేతిలో కప్పు యాడ పడేసినానో నాకే తెల్దు. చెప్పు పట్టుకొని రూముకు ఉరికినా, తలకు నూనె పెట్టుకుంటాండే నస్రీన్‌ను అట్లే లాక్కొని, పాపను ఎంటబెట్టుకొని రిసెప్షన్‌కు పోయినా.

అక్కడి అమ్మాయి ఓడంతా వినపడేట్టు మైకులో ఇంగ్లీషులో, హిందీలో అనౌన్స్ చేసింది. "మేడమ్, మేం సాయిబులమే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే! మా అమ్మకు ఇంకో ముక్క రాదు" అని నాకొచ్చిన హిందీలో మొత్తుకున్నా. పాపం, మైకు నా చేతికే ఇచ్చింది.

"అమ్మా! నేను మస్తాన్‌ను! యాడుండావుమా? నీ చెప్పు దొరికిందిమా! నీ గురకకు నిద్ర పట్టలేదని నస్రీన్ అనింది మనసులో పెట్టుకోవద్దుమా..."

నస్రీన్ నా చొక్కా పట్టి గుంజింది. "నేనెప్పుడన్నా? 'మా అమ్మ గురక కంటే ఓడ ఇంజనే మేలు' అనింది నువ్వు కదా!"

"మెల్లగ మాట్లాడు! అమ్మ ఇంటాది!"

"నాయనా!" పాప తల పట్టుకునింది. "మైకు ఆన్‌లోనే ఉండాది!"

కాసేపటికి లిఫ్టు తెరుచుకునింది. అమ్మ! రెండు కాళ్ళకు రెండు చెప్పులూ ఉండాయి. ఆమె ఎనక పొట్టలు పట్టుకొని నవ్వుతా ప్రొద్దుటూరోళ్ళు పదిమంది. ఈ ఓడలో తెలుగోళ్ళు ఎవరుంటార్లే అనుకుంటి, చూడండి నా ఖర్మ!

"నువ్వు కూర్చోమన్న కాడే కూర్చున్నా కదరా! యాడికి పోయినావు?"

అప్పుడు తెలిసింది. నేను టీ పట్టుకొని పోయింది కింది అంతస్తు డెక్కుకు. అన్ని డెక్కులూ ఒకటే మాదిరి, ఒకటే రకం కుర్చీలు! ఆ చెప్పు ఎవురిదో ఏమో.

సిగ్గు యాడ పోయిందో గానీ, అమ్మను పట్టుకొని నిజంగానే ఏడ్సినా. అమ్మ కూడా కండ్లు తుడుచుకొని, కొంగుతో నా మూతి తుడిచింది. కొంగుకు చట్నీ అంటింది. దాన్ని చూసి, నన్ను చూసి, "ఇంజనే మేలా?" అనింది. అంతే. నన్ను ఆడనే వదిలేసి ప్రొద్దుటూరోళ్ళ ఎంట లిఫ్టు ఎక్కింది.

మర్సటి రోజు దీవిలో దిగినాం. పచ్చటి నీళ్ళు, తెల్లటి ఇసక. సాయంత్రం ఓడకు తిరిగిపోయే పడవ కాడ, ఓడ నుంచి మా ఎంట వచ్చిన గైడు లిస్టు తీసి ఒక్కొక్కరి పేరు పిలుస్తాండాడు. ఇంతలో నన్ను చూసినాడు. లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఓడలోనే దారి తప్పిన మస్తాన్ భాయ్ వచ్చినాడా? అయితే అందరూ వచ్చినట్టే. పోనీయండి!"