కుక్కను తేనెటీగ కుట్టిన పొద్దు

మొన్న పొద్దున పక్కింటావిడ సున్నపు డబ్బీ పట్టుకుని పెరట్లోకి పరుగెడుతుంటే గోడ మీంచి కేకేశాను. వాళ్ళ కుక్కను మూతి మీద తేనెటీగ కుట్టిందట. "సున్నం మనుషులకమ్మా, మూతి నాక్కునే జీవానికి కాదు. ముందు ముల్లు గీకి తీయి. నలిపి లాగావంటే విషమంతా లోపలికే పోతుంది. తడిగుడ్డ వేసి, గొంతు వాస్తుందేమో చూస్తూ కూర్చో. ఊపిరి ఎగపోస్తే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తు" అన్నాను. అంతా అయ్యాక ఆవిడ చల్లగా, "కుక్కలంటే మీకింత ప్రేమని తెలీదండీ" అంది. ప్రేమా! ఈ జన్మలో నేను మనస్ఫూర్తిగా కుళ్ళుకున్నదంటూ ఉంటే అది ఒక కుక్క మీదే.

గిద్దలూరు రైలు స్టేషనుకు ఎద్దులబండి మీద ఒక పూట ప్రయాణం మా ఊరు. అప్పుడు మాది కర్నూలు జిల్లా, పెద్ద కోర్టు పనేదైనా ఉంటే మద్రాసుకు పోవలసిన కాలం. ఆ కుక్కది చేలో మట్టి రంగు. ఒక చెవి నిలబడేది, ఒకటి వాలిపోయేది. దానికి పేరంటూ ఎవరూ పెట్టలేదు. మా నాయన దాన్ని "రా నాయనా, తిను నాయనా" అని పిలిచేవాడు. నన్ను మాత్రం "ఏమే". తన కంచంలో సంకటి ముద్ద విరిచి, ఊదిఊది చల్లార్చి దానికి పెట్టేవాడు. నా ముద్ద నేనే ఊదుకోవాలి. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "నోరుండేదానివి, నువ్వు అడిగి తింటావు. దానికి నోరేదే?" అన్నాడు నాయన. రాత్రంతా ఊరిని నిద్రపోనియ్యకుండా మొరిగేదానికి నోరు లేదట!

ఆ ఏడాది నేను ఇంట్లో అందరితో పోట్లాడి, అన్నం మానేసి, చివరికి నంద్యాల బడిలో చేరడానికి ఒప్పించుకున్నాను. నాయనే స్వయంగా తీసుకుపోయి హాస్టల్లో దింపుతానన్నాడు. బడి సంగతి అలా ఉంచండి, నాకు ముఖ్యమైంది ఆ ప్రయాణం. రైల్లో కుక్క ఉండదు. నంద్యాల దాకా కిటికీ పక్కన నేను, నా పక్కన నాయన. నల్లమలలో బొగద సొరంగం చీకట్లోకి రైలు దూరినప్పుడు ఆయన చెయ్యి పట్టుకోవాలని ముందే అనుకుని పెట్టుకున్నాను.

బండికి ఎద్దులను కట్టారు. ట్రంకు పెట్టె బండెక్కింది. పెరట్లో మునగచెట్టు విరగబూసి ఉంది, పువ్వుల నిండా తేనెటీగలు. మా కుక్క మహారాజు ఒకదాన్ని గబుక్కున నోటితో పట్టబోయాడు. కుయ్యోమన్న అరుపు బండి దాకా వినిపించింది. చూస్తుండగానే పైపెదవి, ముక్కు కలిసి పొంగిన బూరెలా అయ్యాయి. నాయన బండి దిగి ఒక్క ఉరుకు ఉరికాడు. వాళ్ళమ్మ, అంటే మా అవ్వ, ఆకువక్కల సంచి లాక్కుని, అందులో సున్నమంతా దాని మూతికి పట్టించాడు. అది ఊరుకుంటుందా? నాకింది. నాకి నాకి నురగలు కక్కింది.

"అమ్మా, విషం ఎక్కతాంది! నురగొచ్చె చూడు!" అన్నాడు నాయన.

"విషం కాదు నాయనా, నీ సున్నం! నోరు కాలతాంది దానికి" అన్నాను.

"నీకేం తెలుసే?"

నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? అంతకు ముందు వేసవిలో నా పెదవి మీద తేనెటీగ కుట్టినప్పుడు ఇదే నాయన అరుగు మీంచి లేవకుండానే "అవ్వ దగ్గర సున్నం తీసుకోని పూసుకో పో" అన్నాడు. పూసుకుని, నాలుకతో తడుముకుని, రెండు రోజులు కారం తినలేకపోయాను. ఆ మాటే గట్టిగా అనేశాను. చెంబుతో నీళ్ళు తెచ్చి దాని మూతీ నోరూ కడిగాను. చట్రం ఊడిన నా మార్కాపురం పలక తెచ్చి, దాని అంచుతో పెదవి మీద ముల్లును గీకి పారేశాను. మాటిమాటికీ తడిపి గుడ్డ వేశాను. జాలితో కాదు, రైలు కోసం.

"ఇంక పోదాం పా నాయనా" అన్నాను.

నాయన కుక్క తలను ఒళ్ళోంచి దించలేదు. "గొంతు గూడా వాచ్చే ఊపిరాడదు. దీన్ని ఇడిసి నేను యాడికొచ్చేది? అవ్వతో పో."

"కుక్క కోసరం బిడ్డను ఇడుస్తావేందిరా!" అని అవ్వ తిట్టింది. తిడుతూనే చీర కుచ్చిళ్ళు సర్దుకుని బండెక్కింది. రైలెక్కడానికి ఆమెకూ అదొక సందు.

బొగదలో అవ్వే నా చెయ్యి పట్టుకుంది, ఎముకలు విరిగేటట్టు, దేవుళ్ళందరినీ పిలుస్తూ. హాస్టలు గుమ్మం దగ్గర అందరినీ నాయనలు దింపిపోతున్నారు. మీ నాయన ఏడీ అని ఒక పిల్ల అడిగితే ఉన్నమాట చెప్పాను. ఆ ఏడాదంతా నా పేరు కుక్కోళ్ళ పిల్ల.

నాయన ఆ రోజు చేసింది వైద్యం ప్రకారం సరైన పనే. వాపు గొంతు దాకా పోతుందేమో కనిపెట్టుకుని ఉండాల్సిందే. నేను ఇప్పుడు ఊరందరికీ చెప్పేదీ అదే. ఆయన తప్పు చేసి ఉంటే ఎంత బాగుండేది! హాయిగా కోప్పడి, ఎప్పుడో మరిచిపోయేదాన్ని. సరైన పని చేసిన మనిషిని ఏమని తిట్టను?

సెలవులకు వస్తే గిద్దలూరు స్టేషనుకు నాయన వచ్చాడు, కుక్కతో సహా. చిక్కిపోయానని అనలేదు, చదువెట్లుందని అడగలేదు. దాని మూతి పైకెత్తి పట్టుకుని, "చూడు, మచ్చ గూడా లేదు. నీ చేతి చలవే" అన్నాడు, వెలిగిపోతూ. అది నా పాదాలు నాకింది. నేను కాలు వెనక్కి తీసుకోలేదు, తల నిమరనూ లేదు.

కుక్క పోయింది, కొన్నేళ్ళకు నాయనా పోయాడు. ఆయన ముఖం గుర్తు తెచ్చుకోవాలంటే ఇప్పుడు కాసేపు కళ్ళు మూసుకోవాల్సి వస్తోంది. కాలం నా జుట్టు తెల్లబరిచింది, మోకాళ్ళు అరగదీసింది, చాలా తగాదాలను మరిపించింది. ఆ పొద్దటి కుళ్ళు జోలికి మాత్రం రాలేదు. ఆ కుళ్ళు ఒళ్ళో ఇంకా నాయన చెయ్యి పట్టుకోవాలనుకున్న ఆ పిల్ల కూర్చుని ఉందని కాలమే జాలిపడిందేమో.