చర్చి తాళం, చోడంబలి

కరోనా సద్దుమణిగిన మరుసటేడు నన్ను విజయనగరంలో ఒక పెద్దాసుపత్రికి వేశారు. హోదా సివిల్ సర్జన్. పేరు చూసి కోతలు కోసేవాణ్ణనుకునేరు, అది సర్కారు డాక్టర్లలో ఒక మెట్టు, అంతే. నా పని పొద్దున ఓపీ, మధ్యాహ్నం కొలనోస్కోపీ, అంటే కొసన కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం. నాకు తెలీని కడుపు జిల్లాలో లేదని తెగ మిడిసిపడేవాణ్ణి.

అక్కడికొచ్చింది ఎస్తేరు. చీపురుపల్లి దగ్గర బళ్ళో టీచరు. నెత్తురు విరేచనాలు, రోజంతా పరుగులు. గొట్టం వేసి చూస్తే పేగు లోపలి పొర ఎర్రగా పుండై ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపితే అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది. మందులతో కొన్ని నెలలకి పుళ్ళు మానాయి గానీ, భయం మానలేదు. అప్పుడే పెళ్ళి కుదిరితే చేసుకోనని కూర్చుంది. వాళ్ళ పాస్టరుగారు ప్రసంగం మొదలెడితే ఒక పట్టాన ఆపరట. అందరి ముందూ తెల్లచీరలో కూర్చుని, మధ్యలో లేచి పరిగెత్తాల్సొస్తే? "అంతకన్నా పెళ్ళి లేకపోడవే నయం సార్" అని ఏడ్చేసింది. ఆ జబ్బు మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

భయంకొద్దీ మజ్జిగన్నం తప్ప ఏదీ ముట్టడం లేదు. పుండు మానాక అలా ఉండకూడదు. పెద్దపేగు పొరకి ముఖ్యమైన తిండి బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లం. మనం తిన్న పీచుని పేగులో ఉండే సూక్ష్మజీవులు పులియబెట్టి దాన్ని తయారుచేస్తాయి. అందుకని మాత్రలు మానకుండా, పీచు కొంచెం కొంచెంగా పెంచమన్నాను. చోడంబలి, అంటే రాగిజావ, రెండు చెంచాలతో మొదలెట్టమన్నాను.

వాళ్ళమ్మ సంతోషమ్మ ముక్కున వేలేసుకుంది. "అదేటి బాబూ! పురుగుల ఎంగిలి తిని బతుకుతాదేటి పేగు?"

"అంతేనమ్మా, నీదీ నాదీ కూడా" అన్నాను.

"సీ పాడు!" అంది గానీ, ఆ సాయంత్రమే చోళ్ళు మిల్లుకి పంపింది.

అంబలి ఒంటబట్టింది. ఎస్తేరు పెళ్ళికి ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. చర్చి వెనక బాత్రూం తాళంచెవి నా జేబులో ఉండాలి, పక్కతలుపు దగ్గర కుర్చీలో నేనుండాలి, తను కంటితో సైగ చేస్తే వెళ్ళి తలుపు తీసిపెట్టాలి. ఇంత బాధ్యత ఆసుపత్రిలో కూడా ఎవరూ నాకప్పగించలేదు.

పెళ్ళినాడు పొద్దున్నే వాళ్ళింట్లో దిగాను. సంతోషమ్మ పెద్ద లోటాడు చోడంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ, గిన్నెడు బొబ్బర్ల గుగ్గిళ్ళు ముందు పెట్టింది. "మీరు సెప్పిన మందే బాబూ, తాగీండి." తాగాను. రెండో లోటా పోసింది. అదీ తాగాను. రోజూ ఇడ్లీలకి అలవాటు పడ్డ కడుపు నాది.

పాస్టరుగారు ఆదాము దగ్గర మొదలెట్టారు. నోవహు ఓడెక్కేసరికి నా కడుపులో గుడగుడ. అబ్రాహాము గుడారం వేసేసరికి చెమటలు. పెళ్ళికూతురి వైపు చూశాను. హాయిగా కూర్చుని వింటోంది. ఓరి దేవుడా, ఇంక నావల్ల కాలేదు. తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని పక్కతలుపులోంచి లగెత్తాను.

బాత్రూంలో ఉండగా చర్చి మొత్తం ఘొల్లుమనడం వినిపించింది. ముందు నవ్విందెవరో సంతోషమ్మ తర్వాత చెప్పింది. పెళ్ళికూతురేనట! నన్ను చూసి ముసుగులోంచి పకపకా నవ్వేసిందట, పాస్టరుగారు కూడా ఆపుకోలేక ప్రసంగం అక్కడితో ముగించేశారట.

నేను తిరిగొచ్చేసరికి పెళ్ళయిపోయింది. సిగ్గుపడుతూ తాళంచెవి చూపించాను. ఎస్తేరు కళ్ళు తుడుచుకుంటూ, "మీ దగ్గరే ఉంచీండి సార్, నాకక్కర్లేదు" అంది. నాకు ఎంత సంబరమేసిందంటే, కడుపు సహకరిస్తే అక్కడే చిందులేసేవాణ్ణి.

ఆ జబ్బు వేళ్ళతో సహా పోయేది కాదు. ఎస్తేరు ఇప్పటికీ మాత్రలు వేసుకుంటోంది. పుండు మానాక పీచు చెంచాతో మొదలెట్టాలి, లోటాతో కాదు, అని రిటైరయ్యేదాకా ప్రతి రోగికీ చెప్పాను. ఎవరైనా నమ్మకపోతే, చీపురుపల్లి దగ్గర ఒక పెద్ద డాక్టరు మీద పరీక్షించి చూశామనేవాణ్ణి.