చెల్లెలిని బతికించింది పసరు కాదు

నా చిన్నప్పుడు మా చెల్లెలికి పచ్చకామెర్లు వస్తే నాయనమ్మ పసరుతోనే తగ్గాయని మా చుట్టాలంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. తగ్గలేదు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ మాటకు నేను అడ్డు చెప్పలేదు, ఆ బాధ నాకుంది. ఇక ఊరుకోను.

అప్పుడు కొత్తవాడలో ఉండేవాళ్లం. ముందు గదిలో జంపఖానాల మగ్గం, వెనక గదిలో మేము. చెల్లెలు ఇంకా పాకడం లేదు. కళ్లు కాస్త పచ్చబడితే నాయనమ్మ ఆకు నూరి పసరు పోసింది. పాలిచ్చే తల్లి కాబట్టి అమ్మకు ఉప్పులేని పథ్యం పెట్టింది. పసరు పడ్డాక సూది వేయిస్తే వికటిస్తుందని మా వాడకట్టులో గట్టి నమ్మకం. అందుకే ఎవరూ దవాఖాన మాట ఎత్తలేదు. ఈలోగా పిల్ల పొట్ట ఉబ్బింది. దొడ్డికి సున్నంలా తెల్లగా వెళ్లసాగింది.

"పసరు పనిచేస్తాంది. పైత్యమంత బయటికి పోతాంది," అంది నాయనమ్మ.

"పైత్యం బయటికి పోతే దొడ్డి తెల్లగెందుకైతది అత్తా?"

"నువ్వేమన్న డాక్టరమ్మవా? సూది పడి పిల్ల పోతే ఎవ్వలది పాపం?"

"నాదే. జర పక్కకు జరుగు."

పట్టపగలు, వాడంతా చూస్తుండగా, చెల్లెలిని చంకనేసుకుని నా చెయ్యి పట్టుకుని అమ్మ రిక్షా ఎక్కింది.

పెద్ద దవాఖానలోనూ మొదట మామూలు కామెర్లేనన్నారు. అమ్మ కదల్లేదు. తెల్ల దొడ్డి అంటిన పిల్ల గుడ్డను మడిచి తెచ్చింది, దాన్ని బల్ల మీద పరిచింది. ఒక డాక్టరమ్మ మాత్రం ముక్కు మూసుకోకుండా దాన్ని చూసింది. పొట్ట తట్టింది. ఎప్పటినుంచి, ఎట్లా అని అమ్మను నిదానంగా అడిగింది. తర్వాత సన్నటి సూదితో పొట్టలోంచి కొంచెం నీరు తీసింది. ఆకుపచ్చగా వచ్చింది.

"పైత్యం పేగులకు పోయే గొట్టానికి చిల్లు పడ్డదమ్మా. పైత్యమంత పొట్టల నిండుతాంది. చానా అరుదు, నేను చదివిన గాని, కండ్లార చూసుడు ఇదే మొదలు. ఇంక ఆగితే దక్కకపోతుండె."

వెంటనే ఆపరేషన్ చేశారు. చెల్లెలు బతికింది. ఇంటికి రాగానే నాయనమ్మ, తన పసరు వల్లే పిల్ల తట్టుకుందని వాడంతా చెప్పింది. అమ్మ వంటింట్లోకి వెళ్లి, అన్నంలో ఇంత ఉప్పు వేసుకుని కడుపునిండా తిన్నది.

నాయనమ్మకు పిల్ల మీద ప్రేమ లేక కాదు. కానీ ఆ ప్రేమ గుమ్మానికి అడ్డంగా నిలబడింది, అమ్మ దాన్ని తోసుకుని వెళ్లింది. ఇప్పుడు ఎవరింట్లో పసిపిల్ల కళ్లు పచ్చబడ్డాయని విన్నా, ఏ మందు పోశారని నేను అడగను. దవాఖానకు పోదామని బండి తీసి వాళ్ల గుమ్మం ముందు ఆపుతాను. తిట్టేవాళ్లు తిడతారు. తల్లి ఎక్కేదాకా హారన్ కొడుతూనే ఉంటాను.