కోటేశ్వరమ్మ పిన్ని ఐసుపెట్టె

వేడినీళ్ళలో కొత్త రబ్బరు వేస్తే ఒక వాసన వస్తుంది. ఎండలో కాగిన సైకిల్ ట్యూబు వాసనకి కాస్త సబ్బు కలిసినట్టు ఉంటుంది. ఈ ఉదయం ఎవరిదో పాత ఫ్రిజ్ తలుపుకి రబ్బరు మార్చాల్సి వచ్చి నీళ్ళు కాచి బకెట్‌లో పోశాను. చుట్టచుట్టి అమ్మే రబ్బరు మడతలు విప్పుకోవాలంటే కాసేపు అలా నానాలి. ఆవిరి మొహానికి కొట్టగానే కోటేశ్వరమ్మ పిన్ని పక్కన కూర్చుని "తొందరపడమాకే, దాన్నే సాగనియ్యి" అన్నట్టనిపించింది. చిలకలూరిపేటలో ఈ పని చేసే ఆడదానివి నువ్వొక్కదానివే అని నన్ను మెచ్చుకునేవాళ్ళున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకంటే ముందు పిన్ని చేసింది. ఆవిణ్ణి మెచ్చుకోవడం అటుంచి, పొద్దున్నే ఎదురొస్తే ఇంట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు.

ఎందుకంటే ఆవిడ దగ్గరున్నది శవాన్ని పెట్టే ఐసుపెట్టె. పిన్ని భర్త ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. ఆయన పోయాక ఆవిడకి మిగిలినవి పనిముట్ల సంచీ, అద్దం మూత ఉన్న ఆ పాత పెట్టె, చచ్చిపోయిన చెల్లెలి కూతురు శిరీష. శిరీష తండ్రి మరో పెళ్ళి చేసుకుని పిల్ల మొహం మళ్ళీ చూడలేదు. పిన్ని ఆ పెట్టెనే చుట్టుపక్కల ఊళ్ళకి అద్దెకి పంపుతూ శిరీషని పెంచింది, హాస్టల్లో పెట్టి నర్సింగు చదివించింది. చావు ఇళ్ళ డబ్బులతో పెరిగిన పిల్ల అని మా వీధిలో అనుకునేవారు. బియ్యం కొట్టువాడి గల్లాలో డబ్బు మీద కూడా ఏ చావు ఇంటి నుంచి వచ్చిందో రాసి ఉంటుందా అని నేను గొడవపడేదాన్ని. పిన్ని మాత్రం ఎవరినీ ఏమీ అనేది కాదు. ఆవిడ నోరు చెడ్డదే, కానీ ఆ నోరు పని దగ్గర తప్ప లేచేది కాదు.

నేను మొగుణ్ణి వదిలేసి పుట్టింటికొచ్చిన కొత్తలో స్పిన్నింగ్ మిల్లులో పని అడిగితే, ఇప్పుడు కాదు తర్వాత రమ్మన్నారు. తర్వాత వెళ్ళినా అదే మాట. మా ఇంటి ఎదురుగా ఉండే పిన్ని ఒక రోజు గేటు దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

"ఏమే పద్మా, చచ్చినోళ్ళంటే నీకు భయమా?"

"భయమే పిన్నీ."

"మంచిదే. భయం ఉన్నోళ్ళు నెమ్మదిగా ఎత్తుతారు. రేపట్నించి రా."

అలా చేరాను. పెట్టె మోయడం కన్నా ముందు ఆవిడ నాకు నేర్పింది మూత రబ్బరు చూడటం. చిన్న కాగితం ముక్క మూతకీ పెట్టెకీ మధ్య పెట్టి మూత వేసి లాగాలి. పట్టుగా ఉంటే రబ్బరు బాగున్నట్టు, జారి వచ్చేస్తే అక్కడ చలి పోతున్నట్టు. అలా చుట్టూ చూసుకుంటూ వస్తే ప్రతిసారీ తల వైపే కాగితం జారేది. కారణం మన ఆచారమే. శవం తల దగ్గర దీపం పెడతారు కదా, నేల మీద పడుకోబెట్టిన రోజుల్లో పెట్టినట్టే ఐసుపెట్టెకీ ఆనించి పెడతారు. ఆ వేడికి రబ్బరు గట్టిపడి పగులుతుంది. పైగా పూలదండల దారాలు మూత కింద ఇరుక్కుంటాయి. వచ్చిన ప్రతివాళ్ళూ మూత తీయమంటారు, మొహం తడమాలంటారు, మళ్ళీ వేసేటప్పుడు ఎవరూ చూసుకోరు. దీపం జరపమంటే పెద్దవాళ్ళకి కోపం వచ్చేది. పోయినవాళ్ళకి దారి కనపడొద్దా అని ఒక ముసలాయన మిరప కళ్ళం దగ్గరున్న ఇంట్లో అందరిముందూ పిన్ని మీదికి లేచాడు. "దారికి దీపం ఉంటదయ్యా, ఆరకుండా నేను కాసుకుంటా. ఈయన కూతురు బస్సులో ఉంది, అది వచ్చిందాకా మొహం మొహంలా ఉండొద్దా?" అంది పిన్ని. ఆ కూతురొచ్చి పెట్టె మీద పడినప్పుడు మూత తీసింది పిన్నే, ఆ పిల్ల ఏడుపు తగ్గేదాకా మూత పట్టుకుని నిలబడింది కూడా పిన్నే.

శిరీషకి సంబంధం కుదిరింది. అబ్బాయి వాళ్ళు ఒంగోలులో ఉంటారు, పొగాకు వ్యాపారం, సొంత ఊరు మార్టూరు దగ్గర. ఒక సాయంత్రం నేను పెట్టె తుడుస్తుంటే శిరీష వచ్చి గడపలో నిలబడింది.

"పెద్దమ్మా, నీ పని గురించి వాళ్ళకి చెప్పలేదు."

"చెప్పమాకులే."

"అసలు నీ గురించే చెప్పలేదు. అమ్మా నాన్నా పోయారు, మేనమామ వరసాయన పెంచాడని నేనూ మధ్యవర్తీ చెప్పాం."

పిన్ని "పీటల మీద ఆయన్నే కూర్చోబెట్టండి, బావుంటది" అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఆ పిల్లకి చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. ఇవ్వలేదు, అంతే.

పెళ్ళి రోజున ఒంగోలులో బాజాలు మోగుతుంటే మేమిద్దరం వరండాలో కూర్చుని పెట్టె మూతకి కొత్త రబ్బరు వేశాం. పాతది పీకి, గాడి గీరి, జిగురు రాసి, వేడినీళ్ళలో నానిన కొత్తదాన్ని ముందు నాలుగు మూలలా కూర్చి, ఆ తర్వాత మధ్యలో నొక్కుకుంటూ వచ్చాం. ముహూర్తం వేళకి పిన్ని చేతులు కడుక్కుంది. లోపల్నుంచి పళ్ళెంలో అక్షింతలు తెచ్చింది. ఒంగోలు ఏ వైపుంటుందో నన్ను అడిగి, అటు తిరిగి, కళ్ళు మూసుకుని చల్లింది. గాలికి కొన్ని గింజలు వెనక్కొచ్చి పెట్టె మీద పడ్డాయి. ఆవిడ మొహం తెల్లబోయింది. పెళ్ళి అక్షింతలు ఆ పెట్టె మీద ఉండకూడదని గింజ గింజా ఏరింది. ఒకటి కొత్త రబ్బరు కిందికి దూరింది. ఇంకో పది నిమిషాల్లో అతుక్కుపోయే రబ్బరు అది.

"ఉండనియ్యి పిన్నీ, ఒక్క గింజే కదా."

"ఉంటే పిల్లకి చెడు తగులుద్దే. పీకు."

రబ్బరు పీకాం. పిన్ని గింజ తీసి తులసి మొదట్లో వేసి వచ్చి, మళ్ళీ మొదటి మూల నుంచి మొదలుపెట్టింది. చావుకి సంబంధించిన చెడ్డదంతా తన దగ్గరే ఉందని ఊరు నమ్మించింది సరే, చివరికి ఆవిడ కూడా నమ్మింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

పెళ్ళి తర్వాత శిరీష ఒక్కసారి కూడా రాలేదు. ఫోన్ చేసినా గుసగుసగా మాట్లాడి పెట్టేసేది. అలా ఉండగా శిరీష మామగారు పోయారు. శవాన్ని సొంత ఊరికి తెచ్చారు. ఆ ఊరివాళ్ళెవరో ఐసుపెట్టె కావాలని పిన్నికి ఫోన్ చేశారు. ఇంటిపేరు వినగానే ఆవిడకి తెలిసిపోయింది. నేను ట్రాలీ ఆటోలో వెళ్ళి దించి వస్తాను, నువ్వు రావద్దన్నాను. వినలేదు. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుంది. శిరీషని చూడటానికి ఆవిడకి దొరికిన దారి అదొక్కటే.

ఆ ఇంట్లో ఆడవాళ్ళ మధ్య శిరీష కూర్చుని ఉంది. మమ్మల్ని చూసింది. ఆ చూపులో కంగారు తప్ప ఇంకేం లేదు. పెట్టెలో ఆయన్ని పడుకోబెట్టి మూత వేశాం. పిన్ని ఎప్పటిలాగే రబ్బరు మీద వేలు నడిపిస్తూ, తల వైపు ఇరుక్కున్న దండ దారం లాగుతూ వంగి ఉంది. అలా వంగుతూ శిరీషకి దగ్గరగా వచ్చింది. చెయ్యి చాచితే అందేంత దగ్గర. అక్కడ కూర్చున్న అత్తగారు "ఎవరీవిడ?" అంది.

"పెట్టె తెచ్చినావిడ అత్తయ్యా" అంది శిరీష. పిన్ని వైపు తిరిగి, "ఏమండీ, మీ పని అయిపోతే బయట కూర్చోండి" అంది.

నేను నోరు తెరిచాను. పిన్ని నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అట్టాగేనమ్మగారూ" అంది పిన్ని, తను పెంచిన పిల్లతో. "దీపం మాత్రం కొంచెం ఇవతల పెట్టించండి. రబ్బరు గట్టిపడిపోద్ది."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను ఆ పిల్లని నోటికొచ్చినట్టల్లా తిట్టాను. జాతీయ రహదారి మీద పత్తి లారీల మోతలో నా తిట్లు ఆవిడకి వినపడ్డాయో లేదో. చాలాసేపటికి అంది, "పిల్ల చిక్కిపోయిందే. చూశావా?"

ఆ తర్వాత వచ్చిన వేసవిలో పిన్ని నిద్రలోనే పోయింది. ఆవిడ పెట్టెలోనే ఆవిణ్ణి పడుకోబెట్టాను. శిరీషకి ఫోన్ చేసి చెప్పాను. ఏడ్చింది, సాయంత్రానికల్లా వస్తానంది. నేను నమ్మాను. తల దగ్గర దీపం పెట్టెకి ఎడంగా పెట్టాను. ఎండలకి ఎక్కువసేపు ఉంచకూడదని వీధివాళ్ళు అంటుంటే, మూత రబ్బరు నేను వేసింది, చుక్క చలి పోదు, కూతురు వచ్చేదాకా కదిలించేది లేదన్నాను. సాయంత్రమైంది. దీపాల వేళ ఫోన్ మోగింది, వీడియో కాల్. శిరీష ఏదో గదిలో తలుపేసుకుని మాట్లాడుతోంది.

"అక్కా, ఇంట్లో చుట్టాలున్నారు. కదిలే వీల్లేదు. ఒక్కసారి పెద్దమ్మని చూపించవా?"

పెద్దమ్మ అన్న మాట మళ్ళీ విన్నాను, వినాల్సినావిడ పోయాక. ఫోన్ పెట్టె మీద పట్టుకున్నాను. బయటి ఉక్కకి అద్దం మీద చెమ్మ పట్టింది.

"మొహం సరిగ్గా కనపడట్లేదక్కా. కొంచెం మూత తియ్యవా?"

"ఇంటికొచ్చినవాళ్ళకే తీస్తామండీ" అని ఫోన్ కట్టేశాను.

అలా అన్నందుకు నాకు ఈ రోజుకీ బాధ లేదు. ఆ పిల్ల ఎదురుపడితే మళ్ళీ అదే అంటాను. పిన్ని పెట్టె నా దగ్గరే ఉంది, రబ్బరు పాడైనప్పుడల్లా ఆవిడ చెప్పినట్టే మూలల నుంచి మొదలుపెట్టి మారుస్తాను. పనంతా నేర్చుకున్నాను. కానీ ఆ సాయంత్రం నా చోట పిన్నే ఉంటే మారుమాట లేకుండా మూత తీసి, అద్దం తుడిచి, పిల్ల ఏడుపు తగ్గేదాకా ఫోన్ పట్టుకుని నిలబడేది. అది నాకు బాగా తెలుసు, అందుకే నా కోపం చల్లారదు.