చీర పొడవంత గది

మన సూరత్ తెలుగువాళ్ల సంచికకు ఒక గొప్ప మనిషి గురించి రాయమని సంఘం వాళ్లు నన్ను అడిగారు. గొప్పవాళ్లను నేను చాలామందినే చూశాను. సిరిసిల్ల దగ్గరి పల్లెలో ఐదో తరగతి చదివి, పదిహేడేళ్ల వయసులో చేతిసంచితో ఈ ఊళ్లో దిగిన రాజమల్లును నేను. ఖటోదరాలో నలభై ఎనిమిది సాంచాలకు, అంటే మరమగ్గాలకు, మేస్త్రీనయ్యాను. రెండు వందల కుటుంబాలకు రేషను కార్డులు రాయించాను. ఇప్పటిదాకా పదకొండు శాలువాలు కప్పారు. అయినా ఈసారి శాలువా ఒక్కటీ లేని సోమలింగం గురించి రాస్తున్నాను.

సోమలింగం రైల్వేలో వడ్రంగి. పెట్టెల్లో విరిగిన బెర్తులు, ఊడిన తలుపులు బాగుచేయడం ఆయన పని. ముప్పై నాలుగేళ్లు చేశాడు. భార్య జానకమ్మది మా ఊరే. నన్ను అన్నా అని పిలుస్తుంది, నేను చెల్లె అంటాను. ఆ వరసన సోమలింగానికి నేను బావను. పిల్లలు లేరు. ఆరేళ్ల కింద నీటికాసులు వచ్చి జానకమ్మకు చూపు పోయింది. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే.

రెండు వేల ఎనిమిది మే నెలలో సోమలింగం రిటైరయ్యాడు. నాలుగు నెలల్లో స్టేషను పక్కనున్న క్వార్టరు ఖాళీ చేయాలి. నేను అప్పటికే ఊరి చివర వడోద్‌లో ఇల్లు చూసి పెట్టాను. రెండు గదులు, ముందు వాకిలి, నాలుగు లక్షల లోపే. ఈయనేమో క్వార్టరుకు దగ్గర్లోనే లాల్ దర్వాజాలో ఒకే గది చూసి వచ్చాడు. మూలన వంట గట్టు, పక్కన స్నానాల గది, అంతే. వరద చూసిన ఊరు కనుక కింది అంతస్తు ఎవరికీ వద్దు, ఇది మూడో అంతస్తు. ధర ఆరున్నర లక్షలు.

“ఏంది సోమలింగం, ఎండదెబ్బ గిట్ల తగిలిందా? గా అగ్గిపెట్టెకు ఆరున్నర లక్షలా?” అన్నాను.

“అగ్గిపెట్టె గాదు బావా, స్టూడియో అంటరట. రోజుకో ఫోటో దిగొచ్చు.”

“రిటైరైనోళ్లు బుర్ర గూడ రైల్వేల జమ చేసి రావాల్నా?”

క్వార్టరు వంటింట్లోంచి జానకమ్మ నవ్వింది. “ఆయనది ఎప్పుడో జమైంది అన్నా. రసీదు నా దగ్గరున్నది.”

సోమలింగం నన్ను గేటు దాకా సాగనంపుతూ గొంతు తగ్గించాడు. “బావా, రేపు పొద్దుగాల జర ఆమె ఎనుక నడువు. మాట్లాడకు. మార్కెట్ దాక పోయిరా. గప్పుడు గూడ వడోదే అంటవా, వడోదే పోత.”

మర్నాడు ఏడింటికి క్వార్టరు బయట నిలబడ్డాను. జానకమ్మ చేతిలో సంచి పట్టుకుని వచ్చింది. కర్ర లేదు. ఎడమ చేతి వేళ్లు గోడకు ఆనించుకుంటూ నడిచింది. గోడ అయిపోయిన చోట ఆగి, సైకిళ్ల కొట్లో గాలి కొట్టే చప్పుడు విని, అటు తిరిగింది. శనగపిండి ఫాఫ్డాలు వేగే వాసన దగ్గర మళ్లీ మలుపు. రోడ్డు దాటే చోట టీ కొట్టు మనిషి “జానకీబెన్, రుకో!” అని కేకేసి, తానే రోడ్డు మధ్యకు వచ్చి రిక్షాలను చేత్తో ఆపాడు. ఆమె దర్జాగా దాటింది. కూరగాయల మంగుబెన్ “ఆవో ఆవో” అంటూ బెండకాయలు గుప్పెడు గుప్పెడు చేతికి ఇస్తుంటే, ముదురువి వేళ్లతోనే ఏరి వెనక్కి పడేసింది. ఇద్దరూ బేరంలో కాసేపు పోట్లాడుకున్నారు. గెలిచింది జానకమ్మే.

డబ్బులిచ్చి వెనక్కి తిరిగి అంది. “అన్నా, నీ చెప్పు గేటు కాడికెల్లి కిర్రు కిర్రుమంటనే ఉన్నది. వచ్చినోడివి, జర సంచన్న పట్టుకో.”

సంచి పట్టుకున్నాను. వడోద్ మాట మళ్లీ ఎత్తలేదు. అక్కడ రెండు గదులుంటాయి, వాకిలి ఉంటుంది. కానీ రోడ్డు మీదికొచ్చి ఆమెకోసం రిక్షాలు ఆపేవాడు ఉండడు. ఇరవై ఎనిమిదేళ్లు నడిచిన దారి అది. ఇప్పుడు కొత్త దారి నేర్చుకోవడానికి కళ్లేవి?

ఒకసారి ఒప్పుకున్నాక పని నా చేతిలోకి తీసుకోవడం నా అలవాటు. ఆ ఆదివారమే ముగ్గురం గది చూడబోయాం. కాయితంలో మూడు వందల పది చదరపు అడుగులని రాసి ఉంది. మెట్లు, గోడలు, నడవా అన్నీ కలిపిన లెక్క అది. లోపల పొడవెంత అంటే బిల్డరు మనిషి కాంతిభాయ్ “అఠారా ఫుట్, కాకా” అని, పద్దెనిమిది అడుగులు చూపిస్తానని టేపు తీశాడు. వాళ్ల టేపు వాళ్ల మాటే చెబుతుందని నేను వద్దన్నాను. జానకమ్మ సంచిలో ఇస్త్రీకి తెచ్చిన చీర ఉంది. కిందటి బతుకమ్మకు నేను పెట్టిందే, నా సాంచాల మీద నేసిందే. నా సాంచా మీది చీర ఆరు మీటర్ల ముప్పై. అంగుళం అటూ ఇటూ పోదు. బజారులో నాకున్న పేరే అది.

చీర కొంగు నేను పట్టుకున్నాను, రెండో కొస సోమలింగం పట్టుకున్నాడు. ఈ గోడ నుంచి ఆ గోడకు సరిగ్గా కొలిచినట్టు సరిపోయింది.

నాకు సంతోషం ఆగలేదు. సోమలింగం చెవిలో అన్నాను. “వీనికి వీని గదే తెల్వది. పద్దెనిమిది అంటున్నడు, ఇరవైకి పైనున్నది! సప్పుడు జెయ్యక బయానా ఇయ్యి.”

జానకమ్మ అప్పటికే గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. “అన్నా, నాకు పది అంగలే వచ్చినయి. గంత పొడుగు లేదు.”

“కొత్త జాగ గదా చెల్లె, అంగలు పెద్దగేసినవ్,” అన్నాను.

బయానా ఇచ్చేశాం. సోమలింగం క్వార్టరు నేల మీద సుద్దముక్కతో ఇరవై అడుగుల గది గీశాడు. పెళ్లయిన ఏడాది తన చేత్తో చేసుకున్న టేకు మంచం ఇక్కడ, బీరువా అక్కడ, వాటి పక్కన జానకమ్మ నడిచే దారి. ఆమె రోజూ ఆ గీతల మధ్య నడిచి అలవాటు చేసుకుంది.

సెప్టెంబరులో సామాను చేరింది. మంచం వేశాం, బీరువా పెట్టాం. దారి లేదు! మంచానికీ వంట గట్టుకీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి దూరాల్సిందే. బిల్డరు గోడ జరిపాడని నేను మండిపడ్డాను. టేపు తెప్పించాను. పద్దెనిమిది అడుగులు, కాంతిభాయ్ చెప్పినంతే.

మా ఇంటావిడ కొమురవ్వ పాల గిన్నె పొయ్యి మీద పెడుతూ అడిగింది. “ఏ చీరతోని కొలిచినవయ్యా?”

“బతుకమ్మది. ఆరు మీటర్ల ముప్పై.”

“జాకెట్టు ముక్క కోసినంక గూడ ఆరు ముప్పయ్యేనా?”

ఎనభై సెంటీమీటర్ల ముక్క పోతే చీర ఐదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులే. నలభై ఆరేళ్లు చీరలు నేసిన మనిషిని, ఒక్కటీ కట్టినవాణ్ణి కాదు. ముందుగా నవ్వింది జానకమ్మే. “నేసినోడివి, నీకు తెల్వదా అనుకున్న అన్నా.”

నవ్వింది గానీ, వారంలో నేను వెళ్లేసరికి మోకాలి కింద రెండు నల్లటి మచ్చలున్నాయి. మంచం కోడు తగిలింది. బయట రోడ్డు దాటగలిగే మనిషి ఇంట్లో గోడ పట్టుకుని కూర్చుంది. మార్కెట్టుకు పోయి రెండు రోజులైందట. అది నావల్ల జరిగింది. తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని, అయినా చెప్పాను.

“సోమలింగం, ఇది అమ్మేద్దాం. ఎంత నష్టమొస్తే అంత నేను పెట్టుకుంట. వడోద్ పోదాం.”

ఆయన మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు. కోళ్లు తడిమాడు.

“బావా, ముప్పై నాలుగేండ్లు డెబ్బయిరెండు మందిని ఒక్క రైలు డబ్బల పండవెట్టిన. ఇద్దరిని పండవెట్టలేనా?”

ఆ మంచాన్ని రంపంతో కోస్తుంటే కొమురవ్వ చూడలేక నడవాలోకి పోయింది. మూడు రోజులు పట్టింది. ఆ పలకలతోనే గోడకు వెడల్పాటి బెర్తు తయారుచేశాడు. గోడ వైపు మడతబందులు, బయటి వైపు రెండు గొలుసులు. పగలు పైకి మడిచి గోడకు కొక్కెం వేస్తే గదంతా ఖాళీ. నేను గొలుసులు పట్టుకుని సాయం చేశాను. కొలతలు మాత్రం ఆయన నన్ను అడగలేదు.

బిగించాక జానకమ్మ చేత్తో పలకలన్నీ తడిమి చూసింది. ఒకచోట వేళ్లు ఆగాయి.

“గీ చెక్కముడి నా తలకాడ ఉండేది గదా. కాళ్లకాడికెట్ల పోయింది?”

“ఏడున్నా చెక్కేనాయె,” అన్నాడు సోమలింగం.

“ముప్పై ఏండ్లు నిద్ర పట్టకుంటే దీన్నే రాసుకుంట పన్న. నీ గురక వినుకుంట.”

ఆయన స్క్రూలన్నీ విప్పి, పలక తిప్పి, మళ్లీ బిగించాడు. దానికి ఇంకో పూట.

గొప్ప మనిషి గురించి రాయమన్నారు కనుక, నేను చూసింది రాశాను. ఇప్పుడు రోజూ పొద్దున ఆ గదిలో గొలుసులు గలగలమంటాయి, బెర్తు గోడకు ఎక్కుతుంది. జానకమ్మ కిటికీ దగ్గర్నుంచి తలుపు దాకా తిన్నగా నడుస్తుంది. ఆ తర్వాత యాభై నాలుగు మెట్లు దిగి మంగుబెన్‌తో పోట్లాటకు పోతుంది. కొత్త చెప్పులు కొనుక్కుని మొన్న వెళ్లాను, అయినా గుర్తుపట్టింది. నన్ను తలుపు దగ్గర నిలబెట్టి, కిటికీ నుంచి నడుచుకుంటూ వచ్చి, నా ముందు ఆగింది.

“లెక్కవెట్టినవా అన్నా? ఎన్ని అంగలు?”

“పదే, చెల్లె,” అన్నాను.