సీసాల మేడమ్ ప్రయోగం

కాలేజీలో ఆవిడ అసలు పేరు చాలామందికి తెలీదు. అందరికీ సీసాల మేడమ్. ఫిజిక్స్ ల్యాబులో మూల బల్ల మీద రెండు పెద్ద గాజు సీసాలు పెట్టుకుని ఏళ్ల తరబడి వాటితో కుస్తీ పట్టింది మరి.

పిల్లలకి కళ్లారా చూపించాలని ఆవిడ తాపత్రయపడింది ఒక్క విషయమే. ఒక సీసాలో ఆర్గాన్, రెండో దాంట్లో కార్బన్ డయాక్సైడ్ సమానంగా నింపి, రెండింటికీ ఒకే వేడి ఇస్తే ఆర్గానే ఎక్కువ వేడెక్కుతుంది. ఆర్గాన్‌ది ఒంటరి పరమాణువు. దానికి పరుగెత్తడం తప్ప ఇంకో పని తెలీదు కాబట్టి, ఇచ్చిన వేడంతా పరుగుకే పోతుంది. కార్బన్ డయాక్సైడ్ అణువు అలా కాదు, పరుగెత్తుతూనే గిరగిరా తిరుగుతుంది, కాస్త వంగి లేస్తుంది. వేడిలో కొంత ఆ పనులకి ఖర్చవుతుంది. థర్మామీటరు పట్టించుకునేది మాత్రం పరుగునే. పుస్తకాల్లో దీన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. పిల్లలు బట్టీ పట్టి, పరీక్ష కాగానే మర్చిపోతారు.

తీరా చేయబోతే కుదిరేది కాదు. ఇచ్చిన వేడంతా సీసా గాజే మింగేసేది. చివరికి ఒక ఎండాకాలం సెలవుల్లో ఉపాయం తట్టింది. సీసా లోపల వెంట్రుకంత సన్నటి తీగ బిగించి, కెపాసిటర్‌లో నిలవ చేసిన కరెంటుని ఒక్కసారిగా దాంట్లోకి వదిలింది. గాజుకి సంగతి తెలిసేలోపే గ్యాసు వేడెక్కి, పక్క గొట్టంలో రంగునీళ్లు ఎగిశాయి. ఆర్గాన్ వైపు జోరుగా లేచాయి, రెండో వైపు అందులో సగానికి కూడా రాలేదు.

అప్పుడు పక్కనే ఉన్నది చెల్లెలు. తల్లి పోయాక తనే జడలు వేసి, చదివించి, వేరే ఊరి కాలేజీలో పాఠాలు చెప్పేదాకా తీసుకొచ్చిన చెల్లెలు. అక్కాచెల్లెళ్లిద్దరూ పగలబడి నవ్వుకున్నారు. అక్క భర్త ఫొటోలు తీశాడు. దీన్ని పదిమందికీ చూపించమని చెల్లెలు పోరింది. ఇంకోసారి సరిచూసుకుని అలాగే చేస్తానంది అక్క. అలా అంటూనే వాయిదా వేస్తూ వచ్చింది.

ఆ తర్వాతి ఏడాది ఒక మధ్యాహ్నం ప్రిన్సిపాల్ స్టాఫ్‌రూమ్ టీవీలో ఒక వీడియో పెట్టించాడు. ఉత్తమ బోధనకి బహుమతి వచ్చిన పాఠమట. తెర మీద చెల్లెలు. అవే సీసాలు, అదే తీగ. ఆర్గాన్‌కి పరుగు తప్ప ఇంకో పని తెలీదంటూ అక్క మాటలే, అక్క చెప్పే తీరులోనే. ఈ ఆలోచన ఎంతో కష్టపడితేగానీ తట్టలేదని చెబుతోంది. ప్రిన్సిపాల్ సీసాల మేడమ్ వైపు తిరిగి, ఇలాంటివాళ్లని చూసి మనం నేర్చుకోవాలన్నాడు. మనసులో ఏ కల్మషం లేకుండానే అన్నాడు. ఆవిడ తలూపింది. కప్పులో టీ చల్లారిపోయింది.

ఆదివారం బస్సెక్కి చెల్లెలింటికి వెళ్లింది. చెల్లెలు కంగారుపడలేదు. మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు దాన్ని ఆ మూలే ఉంచేసేదానివి అక్కా. నేను చూపించకపోతే ఎవరికీ తెలిసేదే కాదు."

"నా పేరు ఒక్క మాట అనుండచ్చుగా."

చెల్లెలు ఖాళీ గ్లాసు పక్కకి జరిపింది. "పోటీకి సొంతంగా చేసిందే తీసుకుంటామన్నారు. అయినా బావకి ముందే చెప్పాను. ఫొటోలు పంపింది ఆయనే. నీకు తనే చెప్తానన్నాడు."

 భోజనం చేసి వెళ్లమంటున్నా వినకుండా అక్క లేచి వచ్చేసింది.

ఇంట్లో భర్త కూరగాయలు తరుగుతున్నాడు. అడిగితే కత్తి ఆపకుండానే జవాబిచ్చాడు. "నువ్వెలాగూ బయటపెట్టవు. సొంత చెల్లెలేగా, పైకొస్తే నీకు సంతోషమే అనుకున్నాను."

"సంతోషమే అనుకుంటే ఇన్నాళ్లూ ఎందుకు దాచారు?"

కత్తి ఆగింది.

ప్రిన్సిపాల్‌కి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన పాపం అన్నట్టు మొహం పెట్టి విని, ఇంటి విషయాలు వీధిన పడేసుకోవడం దేనికి మేడమ్ అన్నాడు. చెల్లెలు ఫోన్ చేస్తే ఆరోగ్యం గురించి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది.

కొత్త క్లాసుకి ఆ పాఠం చెబుతుంటే ముందు వరసలో ఒకమ్మాయి, ఇది వీడియోలో చూసి చేశారా మేడమ్ అని అడిగింది. "కాదమ్మా. ఇది నేను కనిపెట్టిందే" అంది. క్లాసులో సగం మంది నమ్మినట్టు లేదు.

ఒకప్పుడు చెప్పులు విప్పకముందే ల్యాబు కబుర్లు మొదలుపెట్టేది భర్తతో. ఇప్పుడు ఆయనే అడుగుతాడు, ఈరోజు ఏం చేశావని. మామూలేనండీ అంటుంది, బట్టలు మడతపెడుతూ.